అటక మీది కంప్యూటర్‌కి నెట్ తెప్పించడం: లినక్స్ పని నలభై నిమిషాలే, మిగతావే మూడు రోజులు

ఆమదాలవలసలో మా మావయ్యకి జిరాక్స్ షాపు ఉంది. ఎప్పుడో అటకెక్కించిన పెంటియం 4 డబ్బా ఒకటి మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బయటపడింది. పాత ఇనుపసామాన్ల బండికి వేసేద్దామని అరుగు మీద పెట్టారు. "ఒరే అల్లుడూ, దీంట్లో ఇంటర్నెట్టు వస్తాదేటి? మన గుంట ఆ ఫోన్లో అప్లికేషన్లు నింపలేక కళ్లు పోగొట్టుకుంటంది" అన్నాడు మావయ్య. గుంట అంటే ఆయన కూతురు, నా మరదలు. వస్తుందిలే మావయ్యా అన్నాను, బ్యాగులో లినక్స్ (విండోస్ బదులు ఎక్కించుకునే ఉచిత సిస్టం) పెన్‌డ్రైవ్ ఉందన్న ధీమాతో. గంటలో అయిపోతుందనుకున్న పని మూడు రోజులు పట్టింది. అందులో లినక్స్ ఎక్కించడానికి పట్టింది నలభై నిమిషాలే.

మిగతా టైమంతా ఎక్కడ పోయిందో చెబుదామనే ఇది రాస్తున్నాను. పాత కంప్యూటర్ల మాటెత్తితే చాలు, ఏ డిస్ట్రో (లినక్స్‌లో ఏ రకం) మంచిదన్న గొడవ మొదలవుతుంది. నిజానికి మనల్ని ఏడిపించేవి వేరే ఉంటాయి: ఒక గుండ్రటి బ్యాటరీ, ఒక కేబుల్, ఒక హాట్‌స్పాట్ సెట్టింగ్.

ముందు అసలు సంగతి. ఆ డబ్బాలో విండోస్ ఎక్స్‌పీ ఉంది, ఆన్ చేస్తే ఇంచక్కా తెరుచుకుంది కూడా. కానీ ఏ సైటూ రాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది, 2016లో క్రోమ్ కూడా వదిలేసింది. ఇప్పటి సైట్లు మాట్లాడే ఎన్‌క్రిప్షన్ భాష ఆ పాత బ్రౌజర్లకి రాదు, అందుకని సైటు గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తుంది. వైరు మార్చినా మోడెం మార్చినా లాభం లేదు. బ్రౌజర్ కొత్తది కావాలి, కొత్త బ్రౌజర్ నడవాలంటే దాని కింద కొత్త సిస్టం ఉండాలి, ఆ సిస్టం ఈ డబ్బాలో ఉన్న 1 జీబీ ర్యామ్‌లో ఇమడాలి. లినక్స్ మన దారిలోకి వచ్చేది అందుకే.

ఆన్ చేసే ముందు

పక్క డోర్ తీసి చూడండి. దుమ్ము దులిపేశాక మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి నెత్తి ఉబ్బి ఉంటే, లేదా తుప్పు రంగు చారికలు కారి ఉంటే, ఇక దాని మీద రోజులు పోసుకోకండి. అవి బాగుంటే ర్యామ్ పీకి, దాని ఇత్తడి రంగు కాళ్లని పిల్లలు వాడే రబ్బరుతో రుద్దండి. కళింగపట్నం, బారువ వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో ఉప్పుగాలికి ఆ కాళ్లు నల్లబడిపోతాయి. మెషీన్ చచ్చిపోయిందనుకుని పడేసినవాటిలో కొన్ని ఈ రబ్బరు రుద్దుడికే లేచి కూర్చుంటాయి. ఆన్ చేయగానే బీప్ బీప్ అని ఏడుస్తూ తెర నల్లగా ఉంటే మొదటి అనుమానం ర్యామ్ మీదే పెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ గుండ్రటి బ్యాటరీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. వాచీల షాపులో అడిగితే ఇస్తారు. కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటర్‌లో తారీఖు, టైము నడిపించేది ఇదే. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న మెషీన్‌లో ఇది చాలావరకు చచ్చిపోయే ఉంటుంది. అప్పుడు ప్రతిసారీ ఆన్ చేయగానే కంప్యూటర్ ఇవాళ ఏదో పాత తేదీ (మావయ్య డబ్బాలో 2002 జనవరి 1) అనుకుంటుంది. అనుకుంటే మనకేంటి అనిపిస్తుంది. ప్రతి సైటూ చూపించే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని గడువు ఉంటుంది కదా, 2002లో ఉన్న కంప్యూటర్‌కి ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. దాంతో సైటు నమ్మదగ్గది కాదంటూ బ్రౌజర్ ఎర్ర బోర్డు పెడుతుంది. ప్యాకేజీలు (లినక్స్ ప్రోగ్రాంలు) దించుకుందామని వెళ్తే అక్కడా ఇదే రోగం, ఇంకా చెల్లుబాటు కాని ఫైలు అంటుంది. నెట్ వస్తోంది, సైటు మాత్రం రాదు. నేను మొదటి రోజు సాయంత్రమంతా దీని మీదే తగలేశాను, మోడెంని, డ్రైవర్లని, ఆఖరికి లినక్స్‌ని కూడా తిట్టుకుంటూ. తెర మూలన గడియారం 2002 అని చూపిస్తూనే ఉంది, నేను చూడలేదు.

కాబట్టి బ్యాటరీ మార్చి, ఆన్ చేసి, డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ కొడుతూ బయోస్‌లోకి (సిస్టం లేవకముందు వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్లి తారీఖు, సంవత్సరం సరిచేయండి. ఆ తర్వాతే ఏదైనా.

ఏ లినక్స్?

మీ ప్రాసెసర్ 32 బిట్టా, 64 బిట్టా అన్నది ముందు తేల్చుకోవాలి. కోర్ 2 డ్యూయో (2006 నుంచి వచ్చినవి) అయితే 64 బిట్, అదృష్టవంతులు. పెంటియం 4లో పాతవి 32, చివర్లో వచ్చినవి కొన్ని 64. ఒకప్పుడు అందరూ ముద్దుగా కొనుక్కున్న చిన్న నెట్‌బుక్కులు, ఆటం ఎన్270 ఉన్నవి, 32 మాత్రమే. 64 నడిచే మెషీన్‌కి 32 ఎక్కించకండి, ఎందుకంటే 32 బిట్ వాళ్లకి రోజులు దగ్గరపడుతున్నాయి. చాలా లినక్స్‌లకి పునాది అయిన డెబియన్, 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ తీసేశారు. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లినక్స్‌కి ఆగిపోయింది. ఈఎస్‌ఆర్ 140 అనే నిదానపు వెర్షన్‌కి మాత్రం కనీసం 2026 సెప్టెంబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. అంటే 32 బిట్ అయిన మావయ్య డబ్బా ఆఖరి ఓవర్లు ఆడుతోందన్నమాట. అందుకే దాని మీద రూపాయి ఖర్చు పెట్టడానికి ముందు, సెకండ్ హ్యాండ్‌లో కోర్ 2 డ్యూయో ఎంతకి వస్తుందో వాకబు చేయండి. ఉన్నదానితోనే పని నడిపేద్దాం అనుకుంటేనే ముందుకి.

ఇంకా వెనకటివి, అంటే పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ లాంటివాటిలో ఎస్‌ఎస్‌ఈ2 అనే సదుపాయమే లేదు. ఇప్పటి ఫైర్‌ఫాక్స్ వాటి మీద తెరుచుకోనే తెరుచుకోదు. 256 ఎంబీ ర్యామ్ ఉన్నవాటితో కూడా అప్లికేషన్లు నింపే ఆశ పెట్టుకోవద్దు. డిల్లో, నెట్‌సర్ఫ్, లింక్స్2 లాంటి చిన్న బ్రౌజర్లతో అక్షరాలు మాత్రమే ఉన్న పేజీలు చదువుకోవచ్చు, టైపింగ్ నేర్చుకోవచ్చు, అంతే. టైనీ కోర్ అని పాతిక ఎంబీ కూడా లేని లినక్స్ ఒకటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సిస్టం ఎంత చిన్నదైనా ఇవాళ్టి వెబ్ పేజీ బరువు తగ్గదు కదా.

512 ఎంబీ నుంచి 2 జీబీ మధ్యలో ఉన్నవాళ్లకి నా ఓటు యాంటిఎక్స్ అనే లినక్స్‌కి. డెబియన్ 12 ఆధారంగా వచ్చిన యాంటిఎక్స్ 23లో 32, 64 రెండూ ఉన్నాయి, ఐస్‌డబ్ల్యూఎం అనే తేలికపాటి డెస్క్‌టాప్ వస్తుంది, ఏమీ తెరవకుండా ఉంటే మావయ్య మెషీన్‌లో 200 ఎంబీ లోపే తిన్నది. హార్డ్ డిస్క్ పోయినవాళ్లకైతే పప్పీ లినక్స్ మంచిది. 2003లో బ్యారీ కౌలర్ అనే ఆయన మొదలుపెట్టింది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, ఆపేటప్పుడు మీ పనంతా పెన్‌డ్రైవ్‌లోనే ఒక ఫైలుగా దాచుకుంటుంది. రెండిట్లో ఏదైనా పర్లేదు. దీని మీద కొట్టుకోకండి.

పెన్‌డ్రైవ్ తయారీ

యాంటిఎక్స్ ఫుల్ సుమారు 1.8 జీబీ, బేస్ సుమారు 1.2 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్యాకు మీద బతికేవాళ్లు (నేనూ అంతే) బేస్ తీసుకుంటే ఒక పూటలో దిగుతుంది. లేదంటే రాత్రి పన్నెండుకి అటూ ఇటూ డౌన్‌లోడ్ పెట్టి రెండు రోజుల కోటా కలుపుకోవాలి. ఫైలు పేరులో 386 అని ఉంటే 32 బిట్, ఎక్స్64 అని ఉంటే 64.

పెన్‌డ్రైవ్‌లోకి ఆ ఫైలుని మామూలుగా కాపీ చేస్తే బూట్ అవ్వదు, అంటే కంప్యూటర్ దాన్నుంచి లేవదు. విండోస్ కంప్యూటర్ ఎవరిదైనా దొరికితే రూఫస్ అనే ప్రోగ్రాం వాడండి, అది ఐఎస్ఓనా డీడీనా అని అడిగితే డీడీ అనండి. ఏ కంప్యూటరూ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్ ఉంది. ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి తగిలించి ఫోన్ నుంచే రాసేయొచ్చు, పెద్ద పనితనం అక్కర్లేదు. ఎలా రాసినా పెన్‌డ్రైవ్‌లో ఇంతకు ముందున్నవన్నీ పోతాయి, చూసుకోండి.

పాత బయోస్‌లకి ఒక తిక్క ఉంటుంది. బూట్ వరుసలో యూఎస్‌బీ అని ఎంత వెతికినా కనపడదు. ఎందుకంటే అది పెన్‌డ్రైవ్‌ని కూడా హార్డ్ డిస్క్ అనుకుంటుంది. కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ వెనక వైపు పోర్టులో పెట్టి, ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లి, హార్డ్ డిస్క్ డ్రైవ్స్ అన్న వరుస తెరిస్తే అందులో పెన్‌డ్రైవ్ పేరు రెండోదిగా ఉంటుంది. దాన్ని పైకి తేవాలి. అసలు యూఎస్‌బీ నుంచి బూట్ అవ్వడమే రాని మెషీన్ అయితే ప్లాప్ బూట్ మేనేజర్ అనే ప్రోగ్రాంని ఒక సీడీ మీద రాసి, సీడీతో లేపి, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవచ్చు. సీడీ డ్రైవ్ పనిచేస్తే.

బూట్ మెనూ వచ్చాక తెర గీతలు గీతలుగా వస్తే తిరిగి మొదలుపెట్టి సేఫ్ వీడియో ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చాక తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కొద్దు. పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడుస్తోంది కాబట్టి ముందు పాత హార్డ్ డిస్క్ తెరిచి అందులో ఏముందో చూడండి. మా అత్తయ్య నిలబడి చూస్తుండగా తెరిస్తే మా పెద్దమావయ్య కూతురి పెళ్లి ఫోటోలు రెండు ఫోల్డర్ల నిండా ఉన్నాయి, అందరూ పోయాయనుకున్నవి. ఆ సాయంత్రం పని ముందుకి సాగలేదు, ఎలా సాగుతుంది, ఒక్కో ఫోటోకి ఒక్కో కథ. అన్నీ కాపీ చేసుకున్నాకే మర్నాడు డిస్క్ చెరిపాను. ఇన్‌స్టాలర్ అడిగినవాటికి జవాబులు చెప్పుకుంటూ పోవడమే. 1 జీబీ ర్యామ్ ఉంటే 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే హార్డ్ డిస్క్ చోటు) ఇవ్వండి, పాస్‌వర్డ్‌లు మీవి పెట్టుకోండి. లైవ్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ డెమో అనే ఉంటాయి.

నెట్ తగిలించడం

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఆ పెట్టె వెనక లాన్ పోర్టు నుంచి కంప్యూటర్‌కి కేబుల్ లాగండి, దాదాపు అడక్కుండానే వచ్చేస్తుంది. వైఫై గురించి ఆలోచించనే వద్దు.

ఫైబర్ లేనివాళ్లకి నేను చెప్పేది ఒకటే, యూఎస్‌బీ టెథరింగ్. ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అన్న చోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని మామూలు లాన్ కార్డులాగే చూస్తుంది, డ్రైవర్ వేయక్కర్లేదు. యాంటిఎక్స్‌లో కాన్‌మ్యాన్ అనే కనెక్షన్ల కిటికీ తెరిస్తే వైర్డ్ అని కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఫోన్ ఆ టైములో వైఫైలో ఉంటే ఆ వైఫైనే కంప్యూటర్‌కి అందిస్తుంది. అంటే మీ ఫోనే వైఫై కార్డు అయిపోయినట్టు, డాంగిల్ కొనే పని లేదు.

ఇందులో ఒక మెలిక. కేబుల్ పెట్టినా టెథరింగ్ ఆప్షన్ బూడిద రంగులోనే ఉండి నొక్కడానికి రావట్లేదంటే తప్పు మీ కేబుల్‌దే కావచ్చు. చవక కేబుళ్లలో చాలావాటికి చార్జింగ్ వైర్లే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. మావయ్య షాపులో తెల్ల కేబుల్ ఒకటి, నల్ల కేబుల్ ఒకటి ఉన్నాయి. తెల్లదానితో నా రెండో రోజు పొద్దున్నంతా పోయింది, ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన నల్లది పెడితే ఒక్క నిమిషంలో నెట్ వచ్చింది. క్యాబినెట్ ముందు వైపు పోర్టులు కూడా నమ్మకండి, వెనకవి వాడండి.

పాత ల్యాప్‌టాప్, నెట్‌బుక్ వాళ్లకి వైఫై కావాలనే ఉంటుంది, సహజం. వాటిలో చాలా కార్డులకి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలీదు. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే లిస్టులో పేరే కనిపించదు, కార్డు పోయిందనుకుంటాం. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4కి మార్చండి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఉంటే డబ్ల్యూపీఏ2కి దించండి. అప్పటికీ రాకపోతే కార్డుకి ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కావాలేమో చూడండి, బ్రాడ్‌కామ్ కార్డులకి ఈ బాధ ఎక్కువ. ఆ ఫైలు దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు. అప్పుడూ యూఎస్‌బీ టెథరింగే దిక్కు, కేబుల్‌తో నెట్ తెచ్చుకుని ఫర్మ్‌వేర్ వేసుకుని ఆ తర్వాత కేబుల్ పీకేయండి.

బ్రౌజర్, తెలుగు

నెట్ రాగానే మొదట అప్‌డేట్ కొట్టి, ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ లేకపోతే వేసుకోండి. తెరుచుకోవడానికి మావయ్య మెషీన్‌లో అర నిమిషం పడుతుంది, పట్టనివ్వండి. నాలుగు సార్లు క్లిక్ చేస్తే నాలుగు సార్లు తెరవడానికి ప్రయత్నించి అక్కడే కూలబడుతుంది. యూబ్లాక్ ఆరిజిన్ యాడ్ఆన్ మాత్రం తప్పనిసరి, ప్రకటనలు ఆగితే సగం బరువు దిగిపోయినట్టే, డేటా కూడా మిగులుతుంది. వీడియోలు వాటంతటవి ఆడకుండా సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. ఒకటి, మహా అయితే రెండు ట్యాబులు. మూడోది తెరిస్తే హార్డ్ డిస్క్ కరకర నమలడం మొదలుపెడుతుంది, అది స్వాప్ శబ్దం, అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడమే. యూట్యూబ్ కావాలంటే బ్రౌజర్‌లో చూడకుండా వైటీ-డీఎల్‌పీ అనే ప్రోగ్రాంతో 360పీ దించుకుని ఎంపీవీ అనే ప్లేయర్‌లో చూస్తే ఆగకుండా ఆడుతుంది.

డబ్బు కట్టే పనులు దీని మీద నేను చేయనివ్వలేదు. ఫారం కంప్యూటర్‌లో నింపి, ఫీజు దగ్గరకొచ్చాక తెర మీద క్యూఆర్ వస్తే ఫోన్‌తో స్కాన్ చేయమన్నాను. ఫోటో 50 కేబీ దాటకూడదు లాంటి షరతులు ఉంటాయి కదా, ఎంటీపెయింట్ అనే చిన్న ప్రోగ్రాంలో ఫోటో సైజు తగ్గించి, జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ అంకె దించుకుంటూ పోతే కుదురుతుంది.

తెలుగు సైటు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదని అర్థం. ప్రోగ్రాంలు వేసుకునే సినాప్టిక్ తెరిచి తెలుగు ఫాంట్లని వెతికి, లోహిత్ తెలుగు గానీ నోటో గానీ వేయండి. రాయడానికైతే ఐబస్ లాంటి బరువైన టైపింగ్ ప్రోగ్రాంలు లేకుండా, కీబోర్డు సెట్టింగుల్లో ఇండియన్ కింద తెలుగు లేఅవుట్ జోడించి ఆల్ట్-షిఫ్ట్‌తో మార్చుకునేలా పెట్టుకోండి, అది ఇన్‌స్క్రిప్ట్. అందులో డి కీ పొల్లు, కాబట్టి కే, డి, కే కొడితే క్క వస్తుంది. మరదలికి వారం పట్టింది అలవాటవ్వడానికి. మావయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఆయన వేళ్లు పాతికేళ్లుగా డీటీపీ చేసి ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌కి అలవాటు పడిపోయాయి, ఆయన కోసం ఐబస్‌తో పాటు ఎం17ఎన్ వేసి అందులో ఆపిల్ లేఅవుట్ పెట్టాల్సొచ్చింది. అను ఫాంట్లలో ఉన్న పాత శుభలేఖల ఫైళ్లు ఇందులో తెరుచుకోవని చెబితే కాసేపు ముఖం ముడుచుకున్నాడు.

ఇప్పుడా డబ్బా షాపులో జిరాక్స్ మిషన్ పక్కనే ఉంది. పోయిన వారం ఫోన్ చేశాడు. "అల్లుడూ, నెట్టు పోయిందిరా."

"గడియారం ఎంత చూపిస్తంది మావయ్యా?"

"పదకొండున్నర. తారీఖు కూడా బాగానే ఉంది."

"కేబుల్ ఏ రంగుది పెట్టావు?"

కాసేపు మాట లేదు. "తెల్లది. నల్లది మీ అత్త చార్జింగ్‌కి పట్టుకెళ్లింది" అన్నాడు.